గరిఫునా డ్రమ్ము నేర్చుకునేవాళ్లు ముందు పెద్ద డ్రమ్ము సెగుండా దగ్గర కూర్చోవాలి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో మధ్య అమెరికా తీరపు గరిఫునా డ్రమ్ముల గురించి వచ్చిన ప్రయాణ వ్యాసం చదివాం. ఎక్కడో బెలీజ్ సంగతి మన విశాఖలో ఎవరికి కావాలి అనుకోనక్కర్లేదు. మన ఊరి కుర్రాళ్లు క్రూజ్ షిప్పుల్లో హోండురాస్ దీవి రొయతాన్, బెలీజ్ సిటీ రేవులకు వెళ్తూనే ఉంటారు. సరుకు ఓడల వాళ్లకు హోండురాస్‌లోని ప్యూర్టో కోర్టెస్, గ్వాటెమాలాలోని ప్యూర్టో బారియోస్ తెలిసిన పేర్లే. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు పిల్లల్ని తీసుకుని సెలవులకు ఆ తీరానికే పోతున్నారు. వ్యాసం చదివి ఉత్సాహపడి వెళ్లేవాళ్లు ఉంటారు కాబట్టే ఈ ఉత్తరం. గంట క్లాసులో గరిఫునాల పుంటా ఆట దరువు వచ్చేస్తుందని మీ రచయిత రాశారు. చిన్న డ్రమ్ము ప్రిమేరాతో మొదలుపెట్టమని సలహా కూడా ఇచ్చారు. మొదటి మాటను సరదాకి రాశారని వదిలేయొచ్చు. రెండోది మాత్రం నేర్చుకునేవాణ్ణి మొదటిరోజే దారి తప్పించే సలహా. మేం విశాఖలో చేతి వాద్యాలు, జానపద అడుగులు నేర్పేవాళ్లం. ఈ విషయంలో కాస్త వివరంగా చెప్పాల్సిన అవసరం కనిపించింది.

ముందు ఎవరి సంగీతమో తెలియాలి. మన పత్రికలు దీన్ని 'ఆఫ్రికన్ డ్రమ్స్' అని ఒక్కమాటలో తేల్చేస్తున్నాయి. గరిఫునాలు కరీబియన్ దీవి సెయింట్ విన్సెంట్‌లో ఆఫ్రికన్లు, ఆ దీవి ఆదివాసులు కలిసిపోగా ఏర్పడిన జాతి. వాళ్ల భాష పుట్టుక దక్షిణ అమెరికా ఆదివాసుల అరవాక్ కుటుంబంలో ఉంది. బ్రిటిష్‌వాళ్లతో పోరాడిన వాళ్ల నాయకుడు జోసెఫ్ చటోయర్ 1795లో చనిపోయాడు. ఓడిన జనాన్ని నీళ్లు సరిగా దొరకని బలిసో అనే చిన్న దీవిలో బంధించారు. అక్కడ వేలమంది పోయారు. మిగిలిన రెండు వేల పైచిలుకు మందిని 1797 ఏప్రిల్‌లో ఓడల్లో తెచ్చి రొయతాన్ దీవిలో దింపి వెళ్లిపోయారు. అక్కణ్ణుంచే వాళ్లు హోండురాస్, గ్వాటెమాలా, బెలీజ్, నికరాగువా తీరాలకు పాకారు. వాళ్ల భాష, సంగీతం, నాట్యం మూడింటినీ కలిపి యునెస్కో 2001లో గుర్తించి, 2008లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మూడింటినీ ఎందుకు కలిపారో డ్రమ్ము దగ్గర కూర్చున్న రెండో రోజుకు మీకే తెలుస్తుంది. పాట లేకుండా దరువు నిలబడదు. అడుగు చూడకుండా చెయ్యి సాగదు.

ఇక వాద్యం. గరావూన్ అంటారు. ఒకే మాను ముక్కను లోపలంతా తొలిచి గుల్ల చేస్తారు. మహాగని లాంటి గట్టి కర్ర వాడతారు. పైన జింక తోలో మేక తోలో ఉంటుంది. పెకారీ అనే అడవిపంది లాంటి జంతువు తోలు కూడా వాడతారు. కింద మూత ఉండదు. తోలు అంచు కట్టు నుంచి తాళ్లు కిందికి దిగుతాయి. ఆ తాళ్లలో చెక్క పుల్లలు దూర్చి మెలితిప్పితే తోలు బిగుస్తుంది. తోలు మీదుగా అడ్డంగా ఒకటో రెండో తీగలు లాగి కడతారు, చాలాసార్లు గిటారు తీగలే. దెబ్బ పడ్డప్పుడు ఆ తీగ తోలుకు తగిలి జుమ్మని మోగుతుంది. గరావూన్ గొంతు దూరం నుంచే గుర్తుపట్టేది ఆ మోత వల్లే. వాయించడానికి పుల్లలు ఉండవు, రెండు చేతులే. పక్కన ఒకరు సిసిరా పట్టుకుంటారు. సొరకాయ బుర్ర లాంటి కాయలో గింజలు పోసి పిడి పెట్టిన గిలక్కాయ అది. కొన్నిచోట్ల తాబేలు చిప్పల మీద పుల్లలతో కొడతారు.

రెండు డ్రమ్ములు కలిస్తే జోడీ. సెగుండా పెద్దది, గొంతు లోతు. ఒక చిన్న దరువును మొదటి నుంచి చివరి దాకా మార్పు లేకుండా తిప్పుతూ ఉంటుంది. ప్రిమేరా చిన్నది, గొంతు పైన ఉంటుంది. సెగుండా వేసిన నేల మీద అప్పటికప్పుడు పుట్టించి వాయిస్తుంది. చూసేవాడి కళ్లు ప్రిమేరా మీదే ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లంతా దాని దగ్గరికే పోతారు. తెలిసిన నాలుగు దెబ్బలు నేర్చుకుని ఫోనులో వీడియో తీయించుకుని వచ్చేస్తారు. ప్రిమేరా వాయించేవాడు ప్రతి క్షణం మూడు సంగతులు కనిపెడుతూ ఉండాలి: సెగుండా దరువు ఎక్కడుంది, పాట ఏ చరణంలో ఉంది, ఆడేవాళ్ల పాదాలు ఏం చేస్తున్నాయి. సెగుండా ఒంట్లోకి ఎక్కనివాడికి మొదటిదే వినబడదు. మిగతా రెండూ ఇక అడగక్కర్లేదు. అక్కడి పిల్లలు పాకే వయసు నుంచీ సెగుండా వింటూ పెరుగుతారు. అయినా పెద్దల సరసన కూర్చునేటప్పుడు ముందు సెగుండాయే చేతికిస్తారు. మనకు ఆ విన్న చెవి కూడా లేదు. అతిథిగా వెళ్లినవాడికి తగిన చోటు సెగుండా వెనకే.

కూర్చోవడం దగ్గరే సగం తప్పులు జరుగుతాయి. పొట్టి పీట మీద కూర్చుని డ్రమ్మును మోకాళ్ల మధ్య పట్టుకోవాలి. కింది అంచు ఒకవైపే నేలకు ఆనేలా ముందుకు వాల్చాలి. నిటారుగా నేల మీద నిలబెడితే కింది రంధ్రం మూసుకుపోయి మంద్రం చచ్చిపోతుంది. శబ్దం రావట్లేదని బలంగా బాదితే చేతులు వాస్తాయి తప్ప మోత పెరగదు. ఉంగరాలు, గడియారం, కంకణాలు తీసేయండి. ఉంగరం తోలును చీరుస్తుంది, వేలు ఎముకనూ వదలదు.

దెబ్బలు మొదట రెండు చాలు. నడిమి దెబ్బకు అరచెయ్యి మొత్తం తోలు నడిమికి దగ్గరగా పడి వెంటనే పైకి లేవాలి. చెయ్యి అక్కడే ఆగితే మోత నొక్కుకుపోతుంది. అంచు దెబ్బకు వేళ్లు నాలుగూ దగ్గరగా చేర్చి, వేళ్ల మొదళ్లు అంచు మీదికి వచ్చేలా వేయాలి. బొటనవేలు పైకి ఎత్తి పక్కన పెట్టుకోవాలి, లేకపోతే చెక్క అంచుకు తగిలి కమిలిపోతుంది. చెళ్లుమనే మూడో దెబ్బ ఒకటి ఉంది. దాన్ని మొదటి రెండు రోజులు ముట్టుకోకపోవడమే మంచిది. కొత్తవాళ్లు దాని మోజులో పడి బలం వాడతారు, చర్మం పగులుతుంది, మర్నాడు క్లాసు పోతుంది. కుడి ఎడమ చేతుల దెబ్బ ఒకే గట్టిగా వినబడుతోందో లేదో కళ్లు మూసుకుని వినండి. మనలో చాలామందికి ఎడమ చెయ్యి బలహీనం. సెగుండాలో అది వెంటనే బయటపడుతుంది, ఎందుకంటే దరువులోని ప్రతి దెబ్బకూ దాని చెయ్యి దానికే ఉంటుంది. గురువు ఏ దెబ్బ ఏ చేత్తో వేశాడో అదే చేత్తో వేయాలి. చేతులు మార్చితే నెమ్మదిగా ఉన్నప్పుడు నడుస్తుంది, వేగం పెరగ్గానే తడబడుతుంది.

చాలాచోట్ల రాతలో ఏమీ ఇవ్వరు. గురువు వాయిస్తాడు, మీరు తిరిగి వాయిస్తారు. పుంటా రెండు లెక్కలో నడుస్తుంది. అయితే ప్రిమేరా దాని మీద తరచూ మూళ్లు వేస్తుంది, రెండు దెబ్బల చోటులో మూడు దెబ్బలు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు చతురశ్రం మీద తిశ్రం అంటే సరిపోతుంది. హుంగుహుంగు అనే ఇంకో దరువు మొత్తంగా మూళ్ల మీదే ఊగుతుంది. ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ ఆడే పాటలకు ఎక్కువగా ఇదే. మొదటిసారి వినేవాళ్లు ఈ రెంటినీ కలిపేసుకుంటారు. ప్రిమేరా వింటే మోసపోతారు. సెగుండా నడిమి దెబ్బలు వినండి, ఆడేవాళ్ల అడుగు ఎన్నింటికోసారి బరువు మారుస్తోందో చూడండి, వెంటనే తేడా తెలుస్తుంది.

వేగం పెరిగిపోవడం అందరికీ వచ్చే జబ్బు. ప్రిమేరా చిటపటలు మొదలుపెట్టగానే సెగుండా వాయించే కొత్తవాడు దాని వెంట పరిగెడతాడు. ఆట కాస్త వేడెక్కితే ఇంకా తొందరపడతాడు. దానికి మందు ప్రిమేరా నుంచి చెవి తిప్పుకుని సిసిరా వినడం. నాట్యం చేసేవాళ్లలో నిదానంగా ఆడే పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆవిడ మడమలు చూస్తూ వాయించడం ఇంకా మంచి మందు. దరువు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆపకుండా వాయిస్తూ పక్కవాళ్లతో మాట్లాడండి. మాట మధ్యలో దరువు తడబడకపోతే పాటకు కూర్చోవచ్చు. తడబడితే ఇంకా చేతుల్లోకి దిగలేదన్నమాట.

మన దగ్గర వాద్యం నేర్చుకున్నవాళ్లకు మరో చిక్కు ఉంది. మృదంగం, తబలా చదువుకున్న చెయ్యి ఆవర్తం చివరికి రాగానే ఒక ముక్తాయింపు వేస్తుంది. వద్దనుకున్నా వేస్తుంది. సెగుండాలో అది నేరం కిందే లెక్క. ఆ చిన్న సింగారం వల్ల పాడేవాళ్లు ఎత్తుగడ వచ్చిందేమో అనుకుంటారు, ఆడేవాళ్ల అడుగు తప్పుతుంది, ప్రిమేరా వాయించేవాడు తల తిప్పి చూస్తాడు. తబలా వాళ్లకు వేళ్లు విడివిడిగా పలికించే అలవాటు ఉంటుంది. ఇక్కడ చెయ్యి మొత్తం ఒక్క ముక్కగా పడాలి. డప్పు వాయించేవాళ్లకు లయ గట్టిగా ఉంటుంది, గంటలకొద్దీ ఒకే దరువు నడిపే ఓపికా ఉంటుంది. సెగుండాకు కావలసింది సరిగ్గా అదే. కాకపోతే సిర్ర, చిటికెన పుల్లలకు అలవాటుపడ్డ మణికట్టు అరచేతి దెబ్బకు కుదరడానికి కాస్త సమయం పడుతుంది. అరచేతులు మెత్తగా ఉంటాయి కాబట్టి వాళ్లకే ముందు బొబ్బలెక్కుతాయి. ఇన్ని వాద్యాల వాళ్లలో సెగుండాకు తొందరగా కుదురుకునేది డప్పు వాళ్లే అని మా అభిప్రాయం. సంగీత కళాశాలల వాళ్లు కోప్పడినా సరే.

నాట్యం వేరే రోజుకు వాయిదా వేయకండి. డ్రమ్ము క్లాసు, ఆట క్లాసు ఒకే రోజు పెట్టుకోవాలి. అడుగు వేసి చూడనివాడికి దరువులో బరువు ఎక్కడుందో అర్థం కాదు. పుంటాలో పాదం నేలను వదలదు. రెండు పాదాలూ దగ్గరగా ఉంచి, మోకాళ్లు కొద్దిగా సడలించి, బరువును ఒక పాదం నుంచి ఇంకో పాదానికి త్వరత్వరగా మారుస్తూ నేలను రాసుకుంటూ కదలాలి. మడమలు వంతులవారీగా కొద్దిగా లేస్తాయి. తుంటి కదలిక ఆ బరువు మార్పు వల్ల దానంతట అదే వస్తుంది. పైభాగం దాదాపు నిశ్చలం, భుజాలు ఊగవు, చేతులు ఒంటికి దగ్గరగా తేలికగా ఉంటాయి. కొత్తవాళ్లు దీన్ని పూర్తిగా తిరగేస్తారు. పాదాలు పాతేసినట్టు పెట్టి నడుమును విసిరి విసిరి తిప్పుతారు. అయిదు నిమిషాలకు నడుము పట్టేస్తుంది, చూసేవాళ్లకు నవ్వు వస్తుంది. నెమ్మదిగా మొదలుపెట్టండి. తుంటి గురించి ఆలోచించకుండా మడమల మీదే దృష్టి పెట్టండి.

కూచిపూడి నేర్చుకున్న అమ్మాయిలు వెంటనే అరమండిలోకి దిగి పాదం నేలకేసి కొడతారు. ఇక్కడ ఆ దెబ్బ అక్కర్లేదు. మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటే బరువు మార్చే వేగం పోతుంది. అరకులో థింసా వరసలో ఆడిన అలవాటున్నవాళ్లకు తేలిక. చిన్న అడుగులు, నేలకు దగ్గరగా పాదం, పక్కవాళ్ల కదలికతో కలిసిపోవడం వాళ్లకు ముందే వచ్చు. హుంగుహుంగు గుంపులో వాళ్లను నిలబెడితే రెండో చుట్టుకే కలిసిపోతారు. పుంటాలో మాత్రం జంటగానో ఒంటరిగానో నడిమికి వెళ్లాలి, ఎదుటివాళ్లతో పోటీ పడాలి. ఆ బిడియం వేరే సంగతి.

పుంటా అనగానే సరదా ఆట అనుకోవద్దు. మనిషి పోయాక తొమ్మిదో రాత్రి జరిపే జాగరణలో కూడా పుంటా ఆడతారు. పాటలు ఎక్కువగా ఆడవాళ్లు కట్టినవే. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. పైకి హుషారుగా వినిపించే పాటలో మాట దుఃఖానిదో దెప్పిపొడుపుదో అయి ఉండొచ్చు. అందుకని క్లాసులో నేర్పే పాట దేనికి పాడతారో గురువును అడిగి తెలుసుకోండి. క్రూజ్ షిప్పు డెక్కు మీద స్పీకర్లలో పెట్టే పుంటా ఇది కాదు. అది పుంటా రాక్. బెలీజ్‌లోని డాంగ్రిగా పట్టణంలో పెన్ కయెతానో, ఆయన తోటివాళ్లు 1980ల ముందువెనకల్లో ఎలక్ట్రిక్ గిటారు చేర్చి మొదలుపెట్టినది. మంచి సంగీతమే. డ్రమ్ము నేర్చుకోవడానికి మాత్రం దాన్ని ఆధారం చేసుకోకండి, వేగమే వేరు.

మీ వ్యాసంలో ఇంకో మాట ఉంది, డ్రమ్ము చెప్పినట్టు ఆడేవాడు ఆడతాడని. వనరాగువా అనే ముసుగు ఆట చూసినవాళ్లు ఆ మాట అనరు. దాన్ని జాంకనూ అని కూడా పిలుస్తారు. క్రిస్మస్ రోజుల నుంచి జనవరి 6 దాకా వీధుల్లో ఆడతారు. తెల్లదొర ముఖం వేసిన తీగవల ముసుగు, తలమీద ఈకల కిరీటం, మోకాళ్లకు గవ్వల గజ్జెలు. దొరల ఠీవిని వెక్కిరించే ఆట అది. ఇందులో ఆడేవాడు అడుగు వేస్తే ప్రిమేరా వాయించేవాడు ఆ అడుగును దెబ్బగా మార్చాలి. ఆడేవాడు ఆగితే ఆగాలి, ఒక్కసారిగా విరిస్తే విరవాలి. గవ్వల మోత డ్రమ్ము దెబ్బతో కలిసి పడిందా లేదా అని జనం చెవులు పెట్టి వింటారు. కలవకపోతే తప్పు డ్రమ్ముదే. సంబాయ్, చుంబా ఆటల్లోనూ ఒంటరిగా ఆడే మనిషికీ ప్రిమేరాకూ మధ్య ఇలాంటి సంభాషణే నడుస్తుంది. ప్రిమేరా మొదటి క్లాసులో నేర్పే వాద్యం కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నాలుగు వరసలు బట్టీపట్టినవాడు ఆడేవాడి పాదాన్ని చూడలేడు, తన చేతులు చూసుకుంటూ ఉంటాడు.

వనరాగువా ముసుగు కట్టుకుని ఫొటో దిగాలని అడిగేవాళ్లు ఉంటారు. దుకాణంలో అమ్మకానికి పెట్టినదైతే మీ ఇష్టం. ఆడేవాళ్ల సొంత ముసుగు, గజ్జెలు అడగకండి. అంతకన్నా ముఖ్యమైనది దుగు. పూర్వీకుల కోసం కుటుంబమంతా కూడి చేసే క్రతువు అది. బుయెయ్ అనే పెద్ద నడిపిస్తారు, దబుయాబా అనే గుడిలో రోజుల తరబడి సాగుతుంది, మూడు డ్రమ్ములు మోగుతాయి. అది కార్యక్రమం కాదు, టికెట్టు ఉండదు. పిలుపు లేకుండా వెళ్లకూడదు. పిలిచినా ఫోను జేబులోంచి తీయకూడదు. ఆ దరువులు నేర్పమని గురువును ఒత్తిడి చేయడం మర్యాద కాదు. మన ఊళ్లో అమ్మవారి పండగలో గరగలెత్తే ఇంటికి పోయి 'మాకోసం ఒకసారి పూనకం చూపించండి' అని అడిగినట్టుంటుంది.

ఆడవాళ్లు నేర్చుకోవచ్చా అని అడుగుతున్నారు. సంప్రదాయంగా డ్రమ్ము మగవాళ్లది, పాట, ఆట ఆడవాళ్లది. అతిథులకు నేర్పే క్లాసుల్లో ఆ పట్టింపు ఉండదు, ఆడపిల్లలను నిస్సంకోచంగా కూర్చోబెడతారు. ఊరి ఆటలో డ్రమ్ము దగ్గర కూర్చోవాలనుకుంటే మాత్రం ముందు అడగండి.

ఎక్కడికి వెళ్లాలన్నది మీకు దొరికే సమయాన్ని బట్టి ఉంటుంది. క్రూజ్ ఓడల్లో పనిచేసేవాళ్లకు బెలీజ్ సిటీ అంత కుదరదు. అక్కడ తీరం లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు దూరంగా లంగరేస్తాయి, పడవల్లో ఒడ్డుకు చేరాలి. అక్కణ్ణుంచి డాంగ్రిగాకు రోడ్డు మీద రెండు గంటల పైమాట. ఒడ్డుకు దిగడానికి ఇచ్చే షోర్ లీవ్ అంతా ప్రయాణానికే పోతుంది. రొయతాన్‌లో ఓడ ఆగితే దీవి ఉత్తర తీరాన ఉన్న పుంటా గోర్డాకు టాక్సీలో వెళ్లి రావచ్చు. 1797లో దిగినవాళ్లు కట్టుకున్న ఊరు అది. టాక్సీ ధర రానుపోను కలిపి, ఆగే గంటలతో సహా ముందే మాట్లాడుకోండి. ప్యూర్టో కోర్టెస్ దగ్గర త్రవేసియా, బహమార్ గరిఫునా ఊళ్లే. ప్యూర్టో బారియోస్‌లో ఉన్నవాళ్లు లాంచీ ఎక్కితే అరగంటకు కాస్త అటూ ఇటూగా లివింగ్‌స్టన్ చేరతారు. ఆ ఊరికి రోడ్డు లేదు, చివరి లాంచీ ఎప్పుడో దిగగానే కనుక్కోవాలి. సెలవు పెట్టుకుని వెళ్లేవాళ్లకు బెలీజే మంచిది. అక్కడ ఇంగ్లిష్ నడుస్తుంది. డాంగ్రిగా గానీ దాని దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న హాప్కిన్స్ గానీ ఎంచుకుని ఒకే ఊళ్లో అయిదారు రోజులు ఉండండి. ఊరు మారితే గురువు మారతాడు, దరువులో చిన్న చిన్న తేడాలు వస్తాయి, కొత్తవాడి చెయ్యి గందరగోళపడుతుంది.

నవంబరు 19 బెలీజ్‌లో గరిఫునాల పండగ. 1941లో తోమస్ విన్సెంట్ రామోస్ మొదలుపెట్టించిన వేడుక, ఇప్పుడు జాతీయ సెలవు. హోండురాస్‌లో ఏప్రిల్ 12, గ్వాటెమాలాలో నవంబరు 26. చూడటానికి వెళ్లాలంటే ఆ రోజులే. నేర్చుకోవడానికి మాత్రం అవి కావు. గదులు దొరకవు, గురువులంతా వాయించడంలో మునిగి ఉంటారు, రాత్రంతా డ్రమ్ములు మోగాక మర్నాడు పొద్దున్న క్లాసు ఎవరు చెబుతారు? వానలు, తుపానుల కాలం తప్పించుకుని ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వెళ్లడం మేలు. ఆ నెలల్లో తోళ్లు కూడా చెప్పినమాట వింటాయి.

అయిదు రోజులుంటే ఇలా పంచుకోవచ్చు. మొదటి రెండు రోజులు పొద్దున గంట, సాయంత్రం గంట పుంటా సెగుండా ఒక్కటే. మధ్యలో అరగంట అడుగులు. మూడో రోజు హుంగుహుంగు చేర్చండి. నాలుగో రోజు గురువు ప్రిమేరా వాయిస్తుంటే పాటతో కలిపి సెగుండా పట్టండి, మొదటి అసలు పరీక్ష అది. అయిదో రోజు గురువు తనంతట తాను ప్రిమేరా ఇస్తే తీసుకోండి. ఒక్క పూటే ఉన్నవాళ్లు డ్రమ్ము వదిలేసి అడుగు, పాట పల్లవి, సిసిరా ఈ మూడూ నేర్చుకోవడం తెలివైన పని. సిసిరా తేలికగా కనిపిస్తుంది గానీ గింజలన్నీ ఒక్కసారిగా గోడకు తగిలేలా మణికట్టును ఆపడం రావాలి. రాకపోతే ఇసక పోసినట్టు జారుడు మోత వస్తుంది.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. బెలీజ్ డాలరు వేరు, అమెరికా డాలరు వేరు. రెండు బెలీజ్ డాలర్లు ఒక అమెరికా డాలరు. క్లాసుకు ఇంత అనగానే ఏ డాలరో అడగండి. తరవాత గొడవ పడితే ఇద్దరికీ బాధే. రికార్డు చేసుకోవాలంటే ముందు అడిగి, పాట ఎవరిదో పేరు రాసుకోండి. పెద్దవాళ్లు కనబడితే 'బుయితి బినాఫి' అనండి, పొద్దుటి పలకరింపు. దాని ప్రభావం టిప్పు కన్నా ఎక్కువ.

వెళ్లే ముందు ఇక్కడే చెయ్యి సిద్ధం చేసుకోవచ్చు. ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాను బోర్లించి మోకాళ్ల మధ్య వాల్చి పట్టుకుంటే నడిమి దెబ్బకూ అంచు దెబ్బకూ తేడా బాగానే పలుకుతుంది. ఖర్చు లేదు, ఇరుగుపొరుగు ఓర్చుకుంటే చాలు. కొనగలిగితే క్యూబా చేతి డ్రమ్ము కాంగా దగ్గరగా ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికా డ్రమ్ము జెంబె తోలు మరీ బిగువు, చేతికి తప్పు అలవాటు చేస్తుంది. అడుగుకు ఆర్కే బీచ్‌లో అల తగిలి గట్టిపడ్డ తడి ఇసక బాగుంటుంది. పొడి ఇసకలో పాదం దిగిపోయి పిక్కలు పట్టేస్తాయి.

చివరగా, డ్రమ్ము కొని తెచ్చుకోవాలనుకునేవాళ్లకు. ఏ తోలో అడగండి. జింక, పెకారీ తోళ్లున్నవి తెస్తే కస్టమ్స్ దగ్గర వన్యప్రాణి చట్టాల చిక్కు వస్తుంది. మేక తోలుదైనా జంతు పదార్థమే కాబట్టి దాచకుండా ప్రకటించాలి, తయారుచేసినవాళ్ల దగ్గర ఏ తోలో, ఏ కర్రో రాసిన రసీదు తీసుకోవాలి. తోలు లేని గుల్ల, తాళ్లు, పుల్లలు మాత్రం కొని ఇక్కడ మేక తోలు వేయించుకోవడం అన్నిటికన్నా తేలిక. మన డప్పులు చేసేవాళ్లకు ఆ పని కొత్తదేం కాదు, తాళ్లు కట్టిన తీరు ఫొటోలు తీసుకొచ్చి చూపిస్తే చాలు. గుల్ల లోపల పురుగు తొలిచిన పొడి రాలుతోందేమో కొనేముందే బోర్లించి తట్టి చూడండి. విశాఖ గాలికి తోలు మెత్తబడి తీగ మోగడం మానేస్తుంది. అప్పుడు గట్టిగా బాదకుండా కాసేపు నీరెండలో పెట్టి, పుల్లలను చుట్టూ ఒక్కొక్క మెలిక చొప్పున సమంగా తిప్పండి. ఒకే వైపు బిగిస్తే తోలు ఓరగా లాగుకుని అంచు దగ్గర చిరుగుతుంది. వాయించడం అయ్యాక మళ్లీ వదులు చేయండి. బిగించిన తోలును మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేస్తే సాయంత్రానికి పగిలి ఉంటుంది.

ఇట్లు,
తాళవాద్యాలు, జానపద నృత్యాలు నేర్పే కొందరు శిక్షకులు,
విశాఖపట్నం